ఆ ఉత్తరం రాసే సారు కావాలి

డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూమ్ బయట, చేతిలో ప్లాస్టిక్ కవర్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయిని మనలో చాలామంది చూసే ఉంటారు. కవర్లో మెమోలు, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. ‘‘సార్, సంతకం కావాలె’’ అంటుంది. ‘‘దేనికి బిడ్డా?’’ అని సారు అడుగుతారు. స్కాలర్‌షిప్‌కని చెబుతుంది. నెట్ సెంటర్‌లో టైప్ చేయించిన కాగితం మీద ‘ఈ విద్యార్థిని నాకు తెలుసు, నడవడిక మంచిది’ అని రెండు లైన్లుంటాయి. క్లాసుకు పోతూ పోతూ సారు ఆ కాగితాన్ని గోడకు ఆనించి సంతకం పెడతారు. స్టాంపు ఆఫీసులో వేయించుకొమ్మంటారు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది.

ఆ రెండు నిమిషాల గురించే ఈ సంపాదకీయం.

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలో ఉన్న మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలు ఏదో ఒక పెద్ద సంస్థలో, ఒక శాస్త్రవేత్త దగ్గర కూర్చుని పని నేర్చుకుంటుంది. నెలనెలా కొంత డబ్బూ ఇస్తారు. దరఖాస్తులో మార్కులు ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఏం చేయాలనుకుంటోందో విద్యార్థి తన మాటల్లో రాయాలి, చదువు చెప్పిన టీచర్ సిఫారసు ఉత్తరం రాయాలి. ఎంపిక చేసేవాళ్లకు నల్లగొండ ఎక్కడో, నాగర్‌కర్నూల్ ఎక్కడో తెలియకపోవచ్చు. మన అమ్మాయి వాళ్ల ముందుకు వెళ్లేది ఆ ఉత్తరంలోనే. అక్కడ ‘నడవడిక మంచిది’ అన్న రెండు లైన్లు ఏం చెబుతాయి?

అదే ఉత్తరం ఇంకోలా ఉందనుకోండి. ‘ఈ విద్యార్థిని తన ఊళ్లోని బోరుబావుల నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చి మా ల్యాబ్‌లో ఫ్లోరైడ్ పరీక్ష చేసింది. మొదటిసారి అంకెలు తేడాగా వచ్చాయి. సీసాలు సరిగా కడగలేదని తనే పట్టుకుంది. మళ్లీ ఊరికి పోయి కొత్తగా నీళ్లు తెచ్చి పరీక్ష చేసింది.’ అంతే, నాలుగైదు వాక్యాలు. చదివినవాళ్లకు ఆ పిల్ల కళ్లముందు కనబడుతుంది. కాకపోతే ఈ ఉత్తరం రాయాలంటే ముందు ఆ పిల్ల ఆ పని చేసి ఉండాలి, సారు దాన్ని దగ్గరుండి చూసి ఉండాలి. నవంబరులో రాయాల్సిన ఉత్తరానికి పని జూలైలోనే మొదలవ్వాలి.

మన జిల్లాల్లో చాలాచోట్ల తెగిపోతున్నది అక్కడే. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరులో పాలమూరు యూనివర్సిటీ 2007, 2008 సంవత్సరాల్లో వచ్చాయి. అంతకు చాలాముందు నుంచే ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. వాటిలోకి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం. ఇంజినీరింగ్‌కు పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లే డిగ్రీలో చేరతారన్న మాట ఊళ్లలో ఇంకా వినబడుతోంది. ఆ మాట పిల్లల మనసులోకీ దిగుతుంది. ‘రిసర్చ్ మనకెందుకు, కానిస్టేబుల్ నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో చూద్దాం’ అనుకుంటారు. ఉద్యోగం చూసుకోవడం తప్పని మేం అనడం లేదు. రెండో దారి కూడా ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోవడమే మా బాధ.

ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ సంగతే చూడండి. ఇంటర్ బోర్డు పరీక్షల్లో పై 1 శాతంలో నిలిచి, బీఎస్సీ వంటి మౌలిక సైన్స్ కోర్సులో చేరినవాళ్లకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఏటా 80,000 రూపాయలు ఇచ్చే పథకం ఇది. ఇందులో 60,000 విద్యార్థి చేతికి వస్తాయి. మిగతా 20,000 వేసవిలో ఒక గైడ్ దగ్గర పరిశోధన ప్రాజెక్టు చేసినందుకు. దీనికి డిగ్రీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేసుకోవాలి. కాలేజీలో చేరి బస్‌పాస్ కూడా చేతికి రాని రోజుల్లో ‘ఇంటర్‌లో నీకెన్ని మార్కులొచ్చినయ్? ఇటు రా’ అని పిలిచే సారు ఉంటే ఆ పిల్లాడి మూడేళ్ల చదువు గట్టెక్కుతుంది. లేకపోతే రెండో ఏడాది ఎవరో చెబుతారు, అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. మన కాలేజీల్లో దీనికి అర్హులు ఎక్కువమంది ఉండరు, నిజమే. కొద్దిమందే కాబట్టి వాళ్లను వెతికి పట్టుకోవడం ఇంకా తేలిక.

కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు పోటీపడగలిగేవాళ్లు ఇంకాస్త ఎక్కువమంది. ఇంటర్‌లో 80 పర్సంటైల్ దాటి, అంటే పై 20 శాతం మందిలో ఉండి, కుటుంబ ఆదాయం 4.5 లక్షలకు లోపు ఉంటే డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు. అయితే రాష్ట్రం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వంటివి తీసుకుంటున్నవాళ్లకు ఇది వర్తించదన్న నిబంధన ఉంది. మరి ఈ కోర్సుకు, ఈ ఫీజుకు ఏది తీసుకుంటే లాభం? పద్దెనిమిదేళ్ల పిల్లకు ఎవరు లెక్కవేసి చెబుతారు? నెట్ సెంటర్‌లో ఫారానికి ఇంత అని తీసుకునే మనిషికి ఆ అవసరం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో విద్యార్థి దరఖాస్తు పెట్టినంత మాత్రాన సరిపోదు. కాలేజీలో ఈ పని చూసే నోడల్ అధికారి తన లాగిన్‌లో దాన్ని సరిచూసి ముందుకు పంపాలి. పంపకపోతే అది అక్కడే ఆగిపోతుంది. పిల్లేమో ‘అప్లై చేసిన, పైసలు రాలే’ అనుకుని ఊరుకుంటుంది. మా విలేకరులకు ఊళ్లలో తరచూ వినబడే మాట ఇదే. ఏ దశలో ఆగిందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

తప్పంతా టీచర్లదేనని వేలెత్తి చూపడం మాకు ఇష్టం లేదు, అది న్యాయమూ కాదు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) లెక్క ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. మన దగ్గర దాని మీద దోస్త్ ఆన్‌లైన్ డిగ్రీ అడ్మిషన్ల ప్రచారం, పరీక్షల డ్యూటీ, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ ఫైళ్లు, బయోమెట్రిక్ హాజరు లెక్కలు ఉంటాయి. యూనివర్సిటీల్లో రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి లేవు. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులే బండి లాగుతున్నారు. క్లాసుకింత అని జీతం తీసుకునే టీచర్, సాయంత్రం 5 దాటాక విద్యార్థి పక్కన కూర్చుని ఆమె రాసింది దిద్దితే ఆ గంట ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. అయినా కూర్చునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు మా నమస్కారం. కానీ ఎవరో కొందరి మంచితనం మీద పిల్లల భవిష్యత్తును వదిలేయడం ఎంతవరకు సబబు? ఆ సారు బదిలీ అయి వెళ్లిపోతే తర్వాతి బ్యాచ్ సంగతేమిటి?

రెగ్యులర్ అధ్యాపకుల ప్రమోషన్లకు వాడే 2018 యూజీసీ నిబంధనల్లోని పరిశోధన స్కోరు పట్టిక చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. పీహెచ్‌డీ పూర్తి చేయిస్తే 10 పాయింట్లు, పీజీ డిసర్టేషన్‌కు 2. డిగ్రీ పిల్లతో పరిశోధన చేయిస్తే ఆ పట్టికలో చోటే లేదు. లెక్కలోకి రాని పనిని మనిషి ఎన్నాళ్లు చేస్తాడు?

డిగ్రీ పిల్లలు పరిశోధనేం చేస్తారు, ల్యాబులేవి, పరికరాలేవి అనేవాళ్లున్నారు. జడ్చర్ల డాక్టర్ బీఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు ఒకసారి వెళ్లి రమ్మంటాం. కాలేజీ ఆవరణలోనే అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి బొటానికల్ గార్డెన్ పెంచారు. మొక్క పేరు తెలుసుకోవడం, దాని దగ్గర బోర్డు పెట్టడం, ఏ కాలంలో పూస్తుందో రాసుకోవడం, ఇవన్నీ పరిశోధనకు మొదటి మెట్లే. కళాశాల విద్యాశాఖ నడిపే ‘జిజ్ఞాస’ స్టడీ ప్రాజెక్టుల పోటీల్లో ప్రభుత్వ కాలేజీల పిల్లలు ఏటా తమ చుట్టూ ఉన్న సమస్యల మీద పనిచేసి చూపిస్తున్నారు. బహుమతి ఫొటో పేపర్లో పడగానే ఆ పని ఆగిపోకూడదు. ఆ ప్రాజెక్టు చేసిన అమ్మాయి చేత అదే పనిని ఫెలోషిప్ దరఖాస్తుగా రాయించాలి. మిగిలిన సగం పని అదే.

సబ్జెక్టులకు మన దగ్గర కరువా? తాగునీటి నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ పేరుతోనే తెలుసు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో దాన్ని రూపొందించింది. ఈ ఊరి పేరు మీద ఉన్న ఆ ప్రయోగాన్ని ఈ ఊరి డిగ్రీ పిల్లల్లో ఎంతమంది తమ చేతులతో చేసి చూశారు? ఒక గ్లాసు జారు, చెంచాడు పటిక, కాస్త సున్నం ఉంటే మొదలుపెట్టొచ్చు. ఇప్పుడు ఊళ్లకు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. మరి పొలాలకు, పశువులకు వాడే బోరు నీళ్ల సంగతేమిటి? గడ్డిలోకి ఎంత ఫ్లోరైడ్ చేరుతోంది? మర్రిగూడ నుంచో, నాంపల్లి నుంచో వచ్చే పిల్లకు ఈ ప్రశ్న ఏ పుస్తకంలోనూ వెతకనక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన వాళ్ల తాత మోకాళ్లలో కనబడుతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను ఫిజిక్స్ విద్యార్థి అట్టముక్కలతో నమూనా చేసి, టార్చిలైటు వేసి పరీక్షించవచ్చు. పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ చెట్టు ఇప్పుడెలా ఉందో ఏటా కొలిచి రాసిపెట్టే పని బోటనీ విద్యార్థులది కాకపోతే ఇంకెవరిది? ఇక నల్లమల ఉంది, చెంచుల మాట ఉంది, గద్వాల, నారాయణపేట మగ్గాల లెక్కలున్నాయి. ఆర్ట్స్, కామర్స్ పిల్లలకు వాటిలోనే కావలసినంత పని దొరుకుతుంది.

రాయడం దగ్గరికొచ్చేసరికి అందరికీ టెన్షన్. ఇంగ్లిష్‌లో రాయాలి కదా అని పిల్లలు నెట్‌లో దొరికింది దించేస్తారు. ‘చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటే ఎంతో ఇష్టం’ అన్న వాక్యం వందల దరఖాస్తుల్లో ఉంటుంది. ముందు తెలుగులో రాయించండి. నువ్వు ఏం చూశావు, నీకు ఎక్కడ అర్థం కాలేదు, ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు అని అడిగి, ఆమె నోటితో చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టించి, తర్వాత ఇద్దరూ కూర్చుని ఇంగ్లిష్‌లోకి తేవచ్చు. అప్పుడు ఆ వాక్యాలు ఆ పిల్లవే అవుతాయి.

ఎంపికైన తర్వాత కూడా టీచర్ పని అయిపోదు. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ‘‘ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపాలె సార్? ఎండాకాలం ఇంటికాడ ఉంటే ఆసరైతది గదా’’ అని తండ్రి ఫోన్‌లో అంటాడు. ఆయన భయం ఉత్తది కాదు. వలస బస్సులెక్కి ఊరుగాని ఊళ్లో బతికిన పాలమూరు మనిషికి దూరం అంటే ఏమిటో మనకన్నా బాగా తెలుసు. హాస్టల్ ఎక్కడ, ఎవరు చూసుకుంటారు, రైలు ఎప్పుడు, వారం వారం మాట్లాడొచ్చా అని ఆయన అడిగే ప్రతి మాటకూ ఓపికగా జవాబు చెప్పి, ‘‘నా బిడ్డ లెక్కన చూసుకుంటరు, నాదీ పూచీ’’ అనగలిగేది పాఠం చెప్పిన సారే, మేడమే. ప్రిన్సిపాల్ సర్క్యులర్‌తో ఆ తండ్రి మనసు మారదు. మొదటిసారే బెంగళూరుకు పంపనక్కర్లేదు. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ, ఈ పెద్ద పరిశోధన సంస్థలన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా అక్కడికి సుమారు 100 కిలోమీటర్లే. పొద్దున బస్సెక్కి ఒక ల్యాబ్ చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

రెండు యూనివర్సిటీల వైస్ ఛాన్సలర్లను మేం అడుగుతున్నది పెద్ద బడ్జెట్ పని కాదు. డిగ్రీ విద్యార్థుల పరిశోధనకు, దరఖాస్తులకు ఇచ్చే సమయాన్ని వారానికి కనీసం 2 గంటలు వర్క్‌లోడ్‌లో కలపండి. కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులకు ఆ గంటలకు డబ్బు చెల్లించండి, ఇది తప్పనిసరి. అనుబంధ కాలేజీలన్నింటికీ ఇది వర్తించాలి. క్యాంపస్‌కే పరిమితం చేస్తే కొల్లాపూర్, దేవరకొండ పిల్లలకు ఒరిగేదేమీ లేదు. యూజీసీ 2022లో తెచ్చిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏడాది పరిశోధన తీసుకోవచ్చు. ఆ అవకాశం మన దగ్గరికి పూర్తిగా వచ్చేనాటికి పరిశోధన అంటే ఏమిటో రుచి చూసిన పిల్లలు, వాళ్ల చేయి పట్టుకున్న టీచర్లు మన కాలేజీల్లో ఉండాలి. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు రిపోర్టును ఎవరిదో తెచ్చి పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చే అలవాటు ఇలాగే సాగితే అది జరగదు. ఆ రిపోర్టు చదవకుండా మార్కులు వేసేవాళ్లు కూడా ఆలోచించాలి.

మా వంతు పని మేం చేస్తాం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లోని ఏ కాలేజీ అయినా, స్కాలర్‌షిప్, ఫెలోషిప్ దరఖాస్తుల కోసం ఏ టీచర్ ఏ రోజు ఏ గదిలో కూర్చుంటారో రాసి పంపితే జిల్లా పేజీలో పైసా తీసుకోకుండా అచ్చు వేస్తాం. గది నంబరు మాత్రం మరిచిపోవద్దు.