18 సెకన్లలో పోయిన ఎర్ర డ్రాగన్ గారికి

మహారాజశ్రీ ఎర్ర డ్రాగన్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగాను. ఉభయుల్లో ఒకరు నెల కిందట ఆదివారం రాత్రి మా డైనింగ్ టేబుల్ మీద కాలం చేశారు కాబట్టి, కుశలం నా వరకే రాసుకుంటున్నాను. నేను బాగానే ఉన్నాను. మీ బొమ్మ కూడా బాగానే ఉంది, ఫ్రిజ్ మీద, పాత కరెంటు బిల్లుల పక్కన. ఎడమ రెక్కకి మా అమ్మాయి వేసిన నెయిల్ పాలిష్ కొంచెం లేచింది, అంతే.

నేనెవరో మీకు తెలుసు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, టేబుల్ చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర వేసి డైస్‌తో నడిపే కథల ఆటలో మీ తరఫున మాట్లాడాల్సినవాణ్ణి, మీ డైస్ వెయ్యాల్సినవాణ్ణి, డంజన్ మాస్టర్ని. ఆ రాత్రి ఏం జరిగిందో మీకు సరిగ్గా తెలిసే అవకాశం లేదు. నిద్రలో ఉన్నారు కదా. అందుకే ఈ ఉత్తరం.

రూల్ పుస్తకంలో మీ పేరు ముందు అడల్ట్ అని రాసి ఉంది కాబట్టి మీకు నూరేళ్ళు దాటి ఉండాలి, ఎనిమిది వందలు దాటకుండా ఉండాలి. నేను నాలుగు వందలు అనుకున్నాను. ఆటలో ఒక రౌండు అంటే 6 సెకన్లు. మీరు మూడో రౌండులో పోయారు. నాలుగు వందల ఏళ్ళు బతికి 18 సెకన్లలో పోవడమేమిటండీ? మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ మూడో అంతస్తుకి రావడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

మీ బయోడేటా చూసి మోసపోయాను. మేం 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌తో ఆడతాం. అందులో మీకు హిట్ పాయింట్లు, అంటే ప్రాణం, 256. ఆర్మర్ క్లాస్, అంటే మీకు దెబ్బ తగలాలంటే కొట్టేవాడి డైస్ చేరాల్సిన లెక్క, 19. ఒక్క రౌండులో 80 అడుగులు ఎగరగలరు. నోట్లోంచి వచ్చే మంట 60 అడుగుల దాకా పోతుంది. ఇంటెలిజెన్స్ 16, మామూలు మనిషికి 10 ఉంటుంది. పాసివ్ పర్సెప్షన్ 23, అంటే పిల్లి నడిచినా వినబడాలి. తీరా చూస్తే, నిలువెల్లా ఇనప కవచం తొడుక్కున్న పాలడిన్ అనే యోధుడు స్టీలు సామాన్ల బండిలా చప్పుడు చేసుకుంటూ మీ ముక్కు దాకా వచ్చినా మీకు మెలకువ రాలేదు.

సరే, పడుకోబెట్టింది నేనే. బొమ్మల్లో డ్రాగన్లన్నీ బంగారం కుప్ప మీద కళ్ళు మూసుకునే కనబడతాయి, నేనూ అలాగే ఊహించుకున్నాను. నిద్రలో ఉన్నవాళ్ళని పక్కనే నిలబడి కొడితే ఆ దెబ్బ క్రిటికల్ అవుతుందని, దెబ్బ డైస్ రెట్టింపని నాకు గుర్తులేదు. పాలడిన్ వేషం వేసే మా ఆఫీసు అన్నయ్యకి మాత్రం అది నోటికొచ్చు. మొదటి దెబ్బకే 71 పోయాయి మీకు.

రూల్ ప్రకారం ఆ మొదటి రౌండులో మీకు ఛాన్సే లేదు. నేనే జాలిపడి ఇచ్చాను. ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్‌కి డైస్ వేస్తే 3 పడింది. మీ డెక్స్టెరిటీ (చురుకుదనం) వల్ల దానికి కలిసేది సున్నా. అంటే ఆటగాళ్ళు ఐదుగురూ తలా ఒకటి వేసేశాక మీ వంతు. అప్పుడు ఊదారు మంట. 18 డైస్ వెయ్యాలి. నా దగ్గర ఉన్నవి నాలుగు, అందులో రెండు మా అమ్మాయి లూడో పెట్టెలోవి. ఐదు విడతలుగా వేసి, కూడి, మధ్యలో తప్పు లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి కూడి 58 అని ప్రకటించేసరికి టీ చల్లారింది. ఇంతా చేస్తే మంటలో చిక్కింది ఇద్దరే. వాళ్ళలో రోగ్ (దొంగ) వేషం వేసే మా బావమరిది, తప్పించుకోవడానికి వేసే సేవింగ్ త్రో పాసయ్యాడు. అతనికి ఇవేజన్ ఉంది, పాసైతే వెంట్రుక కూడా కాలదు. కూర్చున్నచోటు నుంచి లేవకుండా ఒక జంతిక తీసుకున్నాడు.

పోనీ భయపెట్టి ఉండాల్సింది. మీరు తలుచుకుంటే 120 అడుగుల లోపల ఉన్నవాళ్ళు సేవింగ్ త్రో పాసవకపోతే హడలిపోవాలని రూలు. కానీ మా ఆవిడ ఆటలో క్లెరిక్, అంటే పూజారి. ఆదివారం ఇంట్లో పులిహోర చేసినట్టే, అక్కడ బయల్దేరే ముందు హీరోస్ ఫీస్ట్ మంత్రం వేసింది. వెయ్యి బంగారు నాణేల విలువైన రత్నాల గిన్నె ఖర్చు, గంటసేపు విందు, తిన్నవాళ్ళకి ఒక రోజంతా భయం అంటదు. కడుపు నిండినవాళ్ళని భయపెట్టడం ఎవరి వల్ల అవుతుంది లెండి.

ఇక రెండో రౌండు. దీనికి మాత్రం క్షమాపణ చెప్పుకోవాలి. పక్క ఫ్లాట్ బీటెక్ కుర్రాడు, మా విజర్డ్ (మాంత్రికుడు), హోల్డ్ మాన్‌స్టర్ మంత్రం వేశాడు. మీ సేవింగ్ త్రో పోయింది. అలాంటప్పుడు రోజుకి మూడుసార్లు "పోలేదు, పాసయ్యాను" అని ప్రకటించుకునే హక్కు మీకుంది, లెజెండరీ రెసిస్టెన్స్. అది ఒక కార్డు మీద ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. ఆ కార్డు పులిహోర ప్లేటు కింద ఉంది. ఆట అయ్యాక టేబుల్ తుడుస్తుంటే దొరికింది, నూనె మరకతో. మిగతావాళ్ళ వంతుల చివర మీరు తోకతో, రెక్కలతో కొట్టగలిగే లెజెండరీ యాక్షన్లు రౌండుకి మూడు, అవీ అదే కార్డు వెనక రాశాను. ఐదుగురు వరసగా కొడుతుంటే ఒంటరివాడికి ఊపిరాడాలనే ఆ రూలు పెట్టారు. మీరు కొయ్యబారి నిలబడ్డారు. కొయ్యబారినవాళ్ళకి దగ్గరి దెబ్బలన్నీ మళ్ళీ క్రిటికల్.

మూడో రౌండు గురించి రాయను.

మీరు పోయాక గుహలో, అంటే మా హాల్లో, కాసేపు నిశ్శబ్దం. అప్పుడు మా బావమరిది అడిగాడు: "బావా, అసలు డ్రాగన్ ఎప్పుడొస్తుంది?"

వెక్కిరింపు కాదండీ. మిమ్మల్ని వాచ్‌మన్ అనుకున్నాడు.

మీరు చెప్పాల్సిన డైలాగ్ నా ఫైల్లో రెండు పేజీలుంది. "ఓరీ అల్పమానవులారా" అని మొదలవుతుంది, పద్యనాటకం ఫక్కీలో. ఆఫీసులో మీటింగులు జరుగుతుండగా కెమెరా ఆపేసి రాశాను. ఒక్క ముక్క చదివే అవకాశం రాలేదు. లోపలికి వెళ్ళే ముందు మా ఆవిడ అడగనే అడిగింది, "ఏవండీ, ఈ డ్రాగన్ మనతో మాట్లాడదా?" అని. మీ కుటుంబంలోనే ఇత్తడి డ్రాగన్లున్నాయి కదా, ఎవరైనా కబుర్లు చెప్పకుండా వెళ్ళిపోబోతే మత్తుగాలి ఊది పడగొట్టి, లేచాక మాట్లాడిస్తాయి. అచ్చం మా పెదనాన్న. ఆయన్ని కలిసినవాళ్ళెవరూ ఆయన్ని మర్చిపోలేదు. మీకేమో కుప్పలో ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో, ఎంత చేస్తుందో కంఠతా వచ్చు. అన్ని విషయాలు తెలిసీ ఒక్క మాట పెగల్లేదు.

గుహ సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. చార్ట్ పేపర్ మిగిలినంత మేరకి గీశాను. 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల కప్పు. మీరు ఒక్కరే 15 అడుగుల చదరం ఆక్రమిస్తారు. రౌండుకి 80 అడుగులు ఎగిరే రెక్కలతో అందులో ఏం ఎగురుతారు, సీలింగ్ ఫ్యాన్ కింద కొంగలాగా! పైగా దారి ఒక గడి వెడల్పు, అంటే 5 అడుగులు. "అంకుల్, ఇది లోపలికి ఎలా వచ్చింది?" అన్నాడు విజర్డ్. "చిన్నప్పుడు వచ్చి లోపలే పెరిగిందేమో పాపం," అంది మా ఆవిడ. మీ ప్రతిష్ఠ అక్కడే పోయింది, పాలడిన్ కత్తి ఎత్తక ముందే.

బయట ఉండాల్సింది మీరు. ఆకాశంలో, వాళ్ళు కొండదారిలో సగం ఎక్కాక. ఒకసారి మంట ఊది మబ్బుల్లోకి పోవాలి. మళ్ళీ మంట రావాలంటే మీ వంతు మొదట్లో డైస్ వేసి 5 గానీ 6 గానీ పడాలి, మూడింట ఒక వంతు అవకాశం. అది పడేదాకా కింద కూర్చుని దెబ్బలు తినడం దేనికి? కనబడకుండా తిరగండి. కింద వాళ్ళు పైకి చూస్తూ, మెడలు నొప్పెట్టి, రాళ్ళ సందుల్లో దూరి, గుర్రాలు పారిపోయి, అప్పుడు మళ్ళీ దిగండి. ఒంట్లో సగం పోయిందనుకుంటే ఏ గౌరవం అడ్డొచ్చిందండీ వెళ్ళిపోవడానికి? వెళ్ళి, మానిన గాయంతో, ఎవరు కొట్టారో పేరు గుర్తుపెట్టుకుని తిరిగి రండి. అసలు మొదటిసారి కనబడినప్పుడే యుద్ధం చెయ్యాలని ఎవరన్నారు?

అయినా మీ వంశానికి ఈ ఆటలో అవమానాలు కొత్త కాదు. 1974లో ఆట మొదటిసారి అచ్చయినప్పుడే, నిద్రపోతున్న డ్రాగన్ని కొట్టి లొంగదీసుకుని సంతలో పశువులా అమ్ముకోవచ్చని రాశారు. యాభై ఏళ్ళయినా మీరు నిద్ర మానలేదు.

నేను ఎగరగొట్టిన ఇంకో పేరా ఉంది. అది మీ వివరాల చివర్లో, అలసిపోయినవాళ్ళు చదవని చోట ఉంటుంది. మీ గుహ చుట్టూ ఆరు మైళ్ళ దాకా చిన్న చిన్న భూకంపాలు. మైలు లోపల నీళ్ళన్నీ వెచ్చబడి గంధకం వాసన. మీరు చనిపోతే పది ముఖాల డైస్ ఒకటి వేసి, పడిన అన్ని రోజుల్లో అవి మాయమవుతాయి. ఎంత పడ్డా పదికి మించదు. అంటే మీరు కనబడటానికి వారం ముందే ఊరి బావిలోకి దిగి ఉండాలి. అదేదీ నేను వాళ్ళకి చెప్పలేదు. నేరుగా గుహ తలుపు తీశాను, హోటల్ రూమ్ చూపించినట్టు.

మొన్న ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. మీ బంగారం పంచుకోవడం ఇంకా అవ్వలేదు, దానికి ఎక్సెల్ షీట్ తెరిచారు. కొండ కింద ఊళ్ళో సత్రం. మా బావమరిది తన రోగ్ మొహం కడుక్కుంటున్నాడన్నాడు.

"బావిలోంచి చేద లాగావు," అన్నాను. "నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కుళ్ళిన గుడ్డు వాసన."

"పాతదే అంకుల్, అది చచ్చింది కదా," అన్నాడు విజర్డ్, ఫోన్లో రూల్ వెతుకుతూ. "పది రోజుల్లో పోతుందట."

మా ఆవిడ ఆట పుస్తకంలో తేదీలు లెక్కపెట్టింది. రెండోసారి కూడా లెక్కపెట్టింది. "ఇరవై మూడు రోజులైందండీ."

మా బావమరిది చెయ్యి జంతికల డబ్బాలోనే ఆగిపోయింది. "బావా, నీళ్ళు ఎందుకు వెచ్చగా ఉన్నాయి?"

నేను డైస్ ముట్టుకోలేదు. "చేదలో నీళ్ళు కదులుతున్నాయి," అన్నాను.

ఇట్లు,
మీ డంజన్ మాస్టర్

తా.క. మీ అమ్మగారికి హిట్ పాయింట్లు 546. బొమ్మకి రంగెయ్యాలి, మా ఆవిడ నెయిల్ పాలిష్ దాచేసింది. కార్డు మాత్రం ఈసారి నుదుటికి అంటించుకుంటాను.