గామా మూలాల దగ్గర ‘ఏమీ లేదు’ అన్నదెవరు?

నాసా అంతరిక్షంలో ఉంచిన ఫెర్మీ గామా టెలిస్కోపు మీద ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ఆకాశంలో వెయ్యికి పైగా చోట్ల నుంచి గామా కిరణాలు వస్తున్నాయట, ఎక్స్‌రే టెలిస్కోపుతో చూస్తే అక్కడ ఏమీ లేదట, కాబట్టి అదంతా డార్క్ మ్యాటరేనట (కంటికి కనబడని, గురుత్వాకర్షణతోనే జాడ తెలిసే పదార్థం), నాసా దాస్తోందట.

సంఖ్య వరకు నిజమే. 2020 నాటి ఫెర్మీ జాబితాలో 5,064 మూలాలుంటే, 1,300కు పైగా ఏమిటో తేలలేదు. ఆ సంగతి జాబితాలోనే రాసి ఉంది. ఫెర్మీ డేటాను 2009 నుంచి ఎవరైనా దించుకోవచ్చు. దాచేవాళ్లు చేసే పనేనా ఇది?

ఇక ‘ఏమీ లేదు’ అన్న మాట. చాలాచోట్ల అసలు చిక్కు దీనికి తలకిందులు: ఉన్నవాటిలో ఏదో తేల్చుకోలేకపోవడం. గామా కిరణాన్ని అద్దంతో ఒకచోటికి చేర్చలేం. ఫెర్మీలో అది టంగ్‌స్టన్ రేకులో ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ జంట నడిచిన దారిని బట్టి కిరణం ఎటునుంచి వచ్చిందో లెక్కగడతారు. అందుకే మసక మూలానికి దొరికేది చుక్క కాదు, కొన్ని ఆర్క్‌నిమిషాల వలయం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్‌సెకను). అర ఆర్క్‌సెకను తేడా పట్టగల చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపు ఆ వలయంలోకి చూస్తే, మామూలు నక్షత్రాలూ దూరపు గెలాక్సీలూ కలిసి బోలెడు చుక్కలు. వీధి పేరు ఉండి ఇంటి నంబరు లేని ఉత్తరం పట్టుకున్న పోస్ట్‌మన్ అవస్థ అది.

జెమింగా కథ ఈ పోస్టు రాసినవాళ్లు విన్నట్టు లేదు. మిథునరాశిలోని ఈ మూలాన్ని 1970లలో ఎస్‌ఏఎస్-2 ఉపగ్రహం పట్టింది. ఎక్స్‌రేలో అనుమానితుడు దొరికింది 1983లో, ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ అనే ఎక్స్‌రే ఉపగ్రహం డేటాలో. అదీ బాగా మసకగా. దాని గామా వెలుగు ఎక్స్‌రే వెలుగుకు సుమారు వెయ్యి రెట్లు మరి. వలయంలో ఉంది గనక ఇదే అని ఎవరూ చేతులు దులుపుకోలేదు. 1992లో రోశాట్ ఎక్స్‌రే ఉపగ్రహం డేటాలో 0.237 సెకన్లకొక స్పందన కనబడింది. అదే లయ కాంప్టన్ ఉపగ్రహం పట్టిన గామా కిరణాల్లోనూ ఉంది. పాత గామా ఉపగ్రహం కాస్-బి డేటా తీసి వెతికితే అక్కడా ఉంది! అది గిరగిర తిరిగే న్యూట్రాన్ నక్షత్రమని (పేలిపోయిన పెద్ద నక్షత్రం మిగిల్చిన గట్టి ముద్ద) అప్పుడు ఖాయమైంది. ఇలా లయగా మినుకుమనేవాటినే పల్సార్లంటారు.

డార్క్ మ్యాటర్ కోసం ఈ మూలాలను జల్లెడ పడుతున్నవాళ్లు ఉన్నారు, తప్పు లేదు. కానీ ‘తెలియదు’ నుంచి ‘డార్క్ మ్యాటరే’ దాకా ఒక్క గెంతులో పోలేం. డార్క్ మ్యాటర్ ముద్ద ఇలా లయ తప్పకుండా మినుకుమనదు. ఆచూకీ లేని ఫెర్మీ మూలాల వైపు రేడియో యాంటెనాలు తిప్పితే మిల్లీసెకను పల్సార్లు (సెకనుకు వందలసార్లు తిరిగేవి) వరసగా బయటపడ్డాయి. పుణే దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు కూడా కొన్నిటిని పట్టింది. 2023 జాబితాలో గామా పల్సార్లు 294. వాటిలో ఎక్స్‌రేకు ఇంకా చిక్కనివీ ఉన్నాయి. అయినా పల్సార్లే.