విరిగిన బోల్టుకి ఈజీ అవుటే మందా?

"విరిగిన బోల్టు ఐదు నిమిషాల్లో బయటికి" అనే మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తోంది. తుప్పు వదిలించే నూనె కొట్టండి, బోల్టుని ఎర్రగా కాల్చండి, మైనం తాకించండి, బెజ్జం వేసి ఈజీ అవుట్ (విరిగిన ముక్కని పట్టి వెనక్కి తిప్పే ఎడమచుట్టు మరల కడ్డీ) దిగ్గొట్టి పొడుగు రాడ్డుతో తిప్పండి అంటుంది. నమ్మి చేస్తే ఇంజిన్ హెడ్డే పోతుంది.

నూనెకి ఐదు నిమిషాలు చాలవు, రాత్రంతా నాననివ్వాలి. తుడవకుండా మంట పెడితే అంటుకుంటుంది.

ఎర్రగా కాల్చడం పోత ఇనుములో సరే, అల్యూమినియంలో వద్దు. అది రంగు మారి హెచ్చరించదు, 660 డిగ్రీల లోపే కరిగి జారిపోతుంది. అక్కడ వేడి చేయాల్సింది బోల్టు చుట్టూ ఉన్న లోహాన్ని. 150 డిగ్రీలు చాలు. ఉక్కుకన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి పట్టు వదులుతుంది.

మైనం మాట మాత్రం నిజం. మంట తీసేశాక వేడి బోల్టుకి తాకిస్తే కరిగి సందుల్లోకి పాకుతుంది.

ఇక ఈజీ అవుట్. తుప్పుపట్టిన ఎం8 (8 మి.మీ. లావు) బోల్టు పూర్తి లావుతో తిప్పితేనే రాక తెగింది. దాని కడుపులో నాలుగు మిల్లీమీటర్ల కడ్డీ దించి రాడ్డుతో తిప్పితే ముందు విరిగేది ఏది? పైగా అది మొన దగ్గర సన్నగా, పైకి లావుగా ఉంటుంది. తిప్పేకొద్దీ లోపలికి దిగి, బోల్టు గోడల్ని థ్రెడ్లకేసి ఇంకా అదుముతుంది. విరిగిందంటే అది గట్టిపరిచిన ఉక్కు! మామూలు డ్రిల్లు దానిమీద జారి పక్కనున్న మెత్తటి లోహాన్ని తినేస్తుంది. అప్పుడు గట్టి ఉక్కునీ కోసే కార్బైడ్ కట్టరో, కరెంటు రవ్వలతో లోహాన్ని కరిగించే స్పార్క్ ఎరోజన్ మెషినో కావాలి. రాడ్డు తగిలించమన్నవాళ్లు ఈ ముక్క ఎందుకు రాయలేదు?

విరిగిన కొసని చదును చేసి, నట్టనడుమ సెంటర్ పంచ్ (మొనదేలిన ఉక్కు కడ్డీ)తో గుంట కొట్టండి. ఎడమచుట్టు బిట్ 3 మి.మీ.తో మొదలుపెట్టి, డ్రిల్లు రివర్స్‌లో నడపండి. సైజు పెంచేకొద్దీ చాలాసార్లు బోల్టే బిట్‌తో పాటు వెనక్కి వచ్చేస్తుంది. ఉక్కు బోల్టు కొస అందుతుంటే నట్టు పెట్టి లోపల వెల్డ్ చేసి, ఎర్రదనం పోయాక స్పానర్‌తో అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించండి. ఒక్కసారిగా లాగితే వెల్డ్ తెగుతుంది. ఇవేవీ కుదరకపోతే 6.5 మి.మీ. దగ్గర డ్రిల్లు ఆపి, మిగిలిన థ్రెడ్ల చుట్టని సన్న మొనతో పీకి, 1.25 పిచ్ (థ్రెడ్ల మధ్య దూరం 1.25 మి.మీ.) ట్యాప్, అంటే థ్రెడ్లు కోసే పనిముట్టు, దించండి. బెజ్జం అర మిల్లీమీటరు పక్కకి పోయినా పాత థ్రెడ్లు తెగిపోతాయి.

ఈజీ అవుట్ పనికొచ్చే చోటు ఒకటుంది: తుప్పులేని బోల్టు, అతిగా బిగిస్తుండగా తెగినది. తల పోగానే బిగువు పోతుంది, ముక్క వదులుగా ఉంటుంది. దానికీ రాడ్డు అక్కర్లేదు. అంచున పంచ్ పెట్టి ఎడమవైపుకి తట్టినా తిరిగి వచ్చేస్తుంది.