తెర మీది ముస్లింకు ఒక ఇల్లు కావాలి

మన సినిమాల్లో ముస్లిం పాత్ర ఎక్కడెక్కడ కనిపిస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మసీదు మెట్ల మీద, మాంసం కొట్టులో, ఇరుకు సందులో, పోలీసు స్టేషన్‌లో, సరిహద్దు అవతలి గుహలో. ఇంట్లో మాత్రం కనిపించదు. అతడికి అద్దె కట్టాల్సిన వాటా ఉండదు, ఫీజు కట్టాల్సిన కూతురు ఉండదు, మందులు మింగనని మొండికేసే తల్లి ఉండదు. చెడ్డవాడైతే బాంబు పెడతాడు, మంచివాడైతే హీరో కోసం ప్రాణం ఇస్తాడు. ఈ రెండో పాత్రను గౌరవం అనుకుని రాసేవాళ్లున్నారు. నా దృష్టిలో అదీ అన్యాయమే. చచ్చిపోతే తప్ప నమ్మకం దక్కని మనిషిగా చూపించడంలో గౌరవం ఎక్కడుంది?

చెన్నైలోని తెలుగువాళ్లం దీని గురించి మాట్లాడక తప్పదు. తెలుగు సినిమా దశాబ్దాల పాటు పెరిగింది కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లోనే. తమిళ చిత్రాలకు తెలుగు గొంతులు ఇచ్చే పని ఇప్పటికీ ఇక్కడ సాగుతూనే ఉంది. 1992లో ‘రోజా’, 1995లో ‘బొంబాయి’ తమిళంలో తయారై తెలుగు ఊళ్లకు చేరాయి. కశ్మీరును, మతకల్లోలాన్ని ఒక తరం తెలుగు ప్రేక్షకులు తెర మీద చూసింది ఆ చిత్రాల ద్వారానే. తర్వాత వచ్చిన అనుకరణల్లో మణిరత్నం పనితనం మిగల్లేదు, గడ్డం మీద అనుమానం మాత్రం మిగిలింది.

ఇదే నగరంలో ట్రిప్లికేన్ పేట ఉంది. అక్కడ ఆర్కాటు నవాబుల కుటుంబం 1795లో కట్టించిన వాలాజా మసీదు మీది పారశీక శాసనాన్ని రచించినవాడు మఖన్‌లాల్ అనే హిందూ మున్షీ. రంజాన్ నెలలో ఆ మసీదుకు వచ్చేవారికి మైలాపూరులోని సూఫీదార్ ఆలయ సేవకులు దశాబ్దాలుగా ఇఫ్తార్ భోజనం తెచ్చి వడ్డిస్తున్నారు. దేశవిభజన నాడు సింధు నుంచి శరణార్థిగా వచ్చిన ఒక భక్తుడు మొదలుపెట్టిన సేవ అది. పార్థసారథి స్వామి కోవెల కూడా ఆ పేటలోనే ఉంది. కథ కోసం తిరిగే రచయితకు అక్కడ ఎంత సరుకుందో! అయినా మన కెమెరాకు ఇలాంటి పేటలు గుర్తొచ్చేది పోలీసులు ఎవరినో తరుముతున్నప్పుడే.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించేది శబ్దం. తెర మీద ఇంకా ఏమీ జరిగి ఉండదు. మినారు కనిపిస్తుంది, అజాన్ మొదలవుతుంది, దాని కింద సన్నగా డ్రమ్ములు మోగుతాయి, దృశ్యం రంగు మారుతుంది. ఏదో ఘోరం జరగబోతోందని హాల్లో అందరికీ తెలిసిపోతుంది. ఒక్క మాట పలకకుండా, ఒక్క ఆరోపణ చేయకుండా, ఒక మతం ప్రార్థనను భయంతో ముడివేసేశారు. సినిమాల ధ్రువీకరణకు 1991లో ఇచ్చిన మార్గదర్శకాలు మతాలను, వర్గాలను కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదంటున్నాయి. సంభాషణలో ఒక మాటను తీసేయమని సెన్సారు బోర్డు చెప్పగలదు, నేపథ్య సంగీతం వేసిన ఈ ముడిని ఎలా విప్పమంటుంది? తెల్లవారుజామున అజాన్ వినబడగానే లేచి పొయ్యి వెలిగించే ఇళ్లు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి, వాటిలో హిందువుల ఇళ్లూ ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు సినిమాకు వెళ్లి అదే పిలుపుకు ఉలిక్కిపడటం నేర్చుకుంటున్నారు. ఇది సంగీత దర్శకుడూ శబ్ద విభాగమూ కూర్చుని మార్చుకోగలిగిన అలవాటు. చట్టం అక్కర్లేదు, అదనపు ఖర్చు అసలే లేదు.

బ్రిటన్‌లో నటుడు రిజ్ అహ్మద్ 2017లో పార్లమెంటు భవనంలో చేసిన ప్రసంగం స్ఫూర్తితో మరుసటి ఏడాది అయిదు ప్రశ్నల పరీక్ష ఒకటి వచ్చింది. ముస్లిం పాత్ర ఉగ్రవాదంతో ముడిపడి ఉందా, కారణం లేకుండా కోపంతో ఊగిపోతుందా, మూఢంగా, వెనుకబడినట్లు ఉందా, పాశ్చాత్య జీవన విధానానికి ముప్పుగా కనిపిస్తుందా, మగవాడైతే స్త్రీలను హీనంగా చూస్తాడా లేక స్త్రీ అయితే మగవాడి కింద నలుగుతుందా అన్నవి ఆ ప్రశ్నలు. 2021లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2017 నుంచి 2019 వరకు ఆదరణ పొందిన 200 చిత్రాలను పరిశీలించారు. మాట్లాడే పాత్రల్లో ముస్లింలు 1.6 శాతం. 181 చిత్రాల్లో ఒక్కరూ లేరు. అక్కడ ముస్లింలు చాలావరకు వలస వచ్చినవారని సర్ది చెప్పుకోవచ్చు. 2011 జనగణన ప్రకారం చెన్నై జనాభాలో ముస్లింలు 9 శాతం పైనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. మన తెర మీద వాళ్లు కనిపించకపోవడానికి ఏ సాకూ లేదు.

ఉగ్రవాదం నిజం కాదా అని అడుగుతారు. నిజమే. 1998 ఫిబ్రవరి 14న కోయంబత్తూరు పేలుళ్లలో 58 మంది చనిపోయారు. ఆ కుటుంబాల శోకాన్ని ఏ వాదమూ చిన్నది చేయకూడదు. అయితే అదే ఊళ్లో 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో జరిగిన హింసలో 18 మంది ముస్లింలు చనిపోయారు. పేలుడును తెరకెక్కించండి, దానికి ముందు నెలలనూ తెరకెక్కించండి. బాంబు దగ్గర మొదలై బాంబు దగ్గరే ముగిసే కథను వాస్తవమని పిలవకండి.

నిషేధాలతో ఈ చిత్రణ బాగుపడదని కూడా తమిళనాడు మనకు చూపించింది. 2012లో ‘తుపాకీ’ చిత్రం మీద ముస్లిం సంఘాలు అభ్యంతరం చెబితే నిర్మాతలు క్షమాపణ చెప్పి కొన్ని దృశ్యాలు తీసేశారు. 2013లో ‘విశ్వరూపం’ను రాష్ట్ర ప్రభుత్వం ఆపేసింది, కొన్ని సవరణల తర్వాత ఫిబ్రవరి 7న అది విడుదలైంది. రెండుసార్లూ చర్చంతా భావప్రకటన స్వేచ్ఛకూ మనోభావాలకూ మధ్య నలిగిపోయింది. పాత్రలు ఎలా ఉండాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతా రహస్య ఉగ్రవాద దళాల కథలు వస్తూనే ఉన్నాయి. కత్తిరించిన దృశ్యం స్థానంలో ఒక మనిషి వచ్చి నిలబడడు కదా!

మంచి ప్రయత్నాలూ ఉన్నాయి. 2021లో వచ్చిన తమిళ చిత్రం ‘మానాడు’ కథానాయకుడు అబ్దుల్ ఖాలిక్. నేరాన్ని ముస్లిం మీదికి నెట్టి అల్లర్లు రేపే రాజకీయాన్ని ఆ చిత్రం ధైర్యంగా చూపింది. అక్కడా అతడి జీవితమంతా అనుమానం చుట్టూనే తిరుగుతుంది. నేను కోరుకునేది 2018 నాటి మలయాళ చిత్రం ‘సుడాని ఫ్రమ్ నైజీరియా’ లాంటిది. మలప్పురంలో ఫుట్‌బాల్ జట్టు నడిపే మజీద్ గాయపడ్డ నైజీరియా ఆటగాణ్ణి ఇంటికి తెచ్చుకుంటాడు. భాష తెలియని ఆ కుర్రవాణ్ణి మజీద్ తల్లీ పొరుగింటావిడా కన్నబిడ్డలా చూసుకుంటారు. సవతి తండ్రితో మజీద్‌కు మాటల్లేవు, పెళ్లి కుదరదు, డబ్బు లేదు. మజీద్ ఇంటివాళ్లందరూ ముస్లింలే, ఎవరూ తమ మతానికి సంజాయిషీ చెప్పరు.

తెలుగులో ఇలాంటి ఇళ్లు లేవా? ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా ఇంట్లో తరతరాలుగా నాదస్వరం ఉంది. ఆయన శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. 2020లో పద్మశ్రీకి ఎంపికైన నాదస్వర దంపతుల్లో కాలీషాబీ ముస్లిం స్త్రీ. నమాజూ త్యాగరాజ కీర్తనా ఒకే కప్పు కింద వినిపించే ఇంటిని ఊహించలేకపోయిన మన రచయితలు, ముస్లిం స్త్రీ అనగానే బురఖా చాటున కన్నీళ్లు పెట్టుకునే బాధితురాలినే రాస్తున్నారు. చెన్నై నుంచి కొన్ని గంటల ప్రయాణంలో నెల్లూరు బారాషహీద్ దర్గా ఉంది. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అంటూ అన్ని మతాలవాళ్లూ మార్చుకుంటారు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ ఆ జిల్లా ముస్లిం ఇళ్లను ఎప్పుడో మన ముందు పెట్టాయి. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లు తెర మీదికి వస్తే వాళ్ల నోట వచ్చీరాని తెలుగు పలికించడం ఎంత అన్యాయం!

టీవీ సీరియల్ ఈ పనికి సినిమా కంటే అనువైనది. వందల భాగాలు నడిచే కథలో పక్కవాటా కుటుంబానికి బోలెడంత చోటుంటుంది. అందులో లెక్కల మాస్టారు రఫీ, బ్యాంకులో పనిచేసే ఆయన భార్య, అత్తగారితో ఆమె తగాదాలు ఉండొచ్చు. రంజాన్ పేరుతో ఒక ప్రత్యేక భాగం తీసి వదిలేయడం చాలదు, ఏడాది పొడవునా వాళ్లు ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. డాక్టరు, వకీలు, తహసీల్దారు లాంటి చిన్న పాత్రలకు పేరు పెట్టేటప్పుడు ఒక సల్మానో నజీమానో ఎందుకు గుర్తుకు రాకూడదు?

ఇవన్నీ కథా చర్చల గదిలో ఎవరు కూర్చుంటారన్న దాని మీద ఆధారపడి ఉంటాయి. సినిమా పూర్తయ్యాక, గొడవ వస్తుందన్న భయంతో ముస్లిం పెద్దలకు ముందుగా చూపించే పద్ధతి ఒకటుంది. అప్పటికి మార్చడానికి మిగిలేది రెండు మాటలు, ఒక దృశ్యం. ఆ ఇళ్లలో పెరిగిన రచయితలను, రచయిత్రులను మొదటి రోజే పిలవాలి. వాళ్లకు జీతం ఇవ్వాలి, టైటిల్స్‌లో పేరు వేయాలి. ముస్లిం పాత్రల కోసమే కాకుండా మొత్తం కథ కోసం వాళ్ల మాట వినాలి.