‘పైల్సేలే’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఆఁ, పైల్సేలే’ గారి సముఖానికి,

మొన్నీమధ్య డాక్టరు గారు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. మోషన్‌లో రక్తం ఎన్నాళ్ల నుంచి? ఎనిమిది నెలలు. ఏమనుకున్నారు? పైల్స్. ఎవరు చెప్పారు?

మూడో ప్రశ్నకు గోడ మీది పేగుల బొమ్మ వంక చూస్తూ కూర్చున్నాను. మీ పేరు చెబుదామంటే మీకు డిగ్రీ లేదు, క్లినిక్ లేదు, కనీసం ఓ ముఖం లేదు. ఎనిమిది నెలలు నా వైద్యం మాత్రం మీదే.

ఎంత చక్కటి వైద్యమండీ! కమోడ్‌లో మొదటి ఎర్ర చుక్క కనబడగానే, నేను నోరు తెరవకముందే రోగం తేల్చేశారు. చెయ్యి పెట్టి చూసింది లేదు, టెస్టు రాసింది లేదు, ఫీజు అడిగింది అసలే లేదు. ఫ్లష్ నొక్కేశాను. కొన్నాళ్లకు లేచాక వెనక్కి తిరిగి చూడటమే మానేశాను. చూడకపోతే రక్తం లేనట్టే కదా. ఎవరితోనైనా అందామంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మీరే గుర్తు చేశారు.

మీ చుట్టాలకూ నమస్కారాలు. మోషన్ తీరు మారి నెలన్నర దాటితే ‘టెన్షన్ వల్లే’ గారు దయచేశారు. వెళ్లొచ్చాక కూడా ఇంకా ఏదో మిగిలిపోయినట్టుంటే ‘గ్యాసే’ గారు. ప్యాంటు వదులైతే ‘సన్నబడ్డావు, బాగున్నావు’ గారు. రెండు మెట్లకే ఆయాసం వస్తే ‘వయసు మరి’ గారు. హిమోగ్లోబిన్ తగ్గిందని ఐరన్ మాత్రలు మింగించినవాళ్లలో ఒక్కరైనా, ఉన్న రక్తం ఎటు పోతోందని అడగలేదు. పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే కంటికి కనబడకుండానే కొద్దికొద్దిగా రక్తం పోతుందట. అలాంటప్పుడు ముందు బయటపడేది ఈ రక్తహీనతేనట.

కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, ముందు తాగించిన మందునీళ్ల గురించి ఎక్కువ రాయను. ఆ రాత్రి బాత్రూంలో నేనున్నానో, నాలో బాత్రూం ఉందో తేలలేదు. పరీక్ష మాత్రం మత్తులో అరగంట. ఎనిమిది నెలలు నేను దాక్కున్నది ఆ అరగంట నుంచే.

లేచాక డాక్టరు గారు అన్నారు: “పైల్స్ ఉన్నాయి.”

చూశారా, గెలిచారు! ఒక్క క్షణం మీ మీద ప్రేమ పొంగింది. ఆయన ఇంకా ఆపలేదు. “ఒక పాలిప్ కూడా ఉంది, పేగు లోపలి గోడ మీద మొలిచిన చిన్న కండ. తీసేశాం, బయాప్సీకి పంపాం.”

ఆ ‘కూడా’ కోసమే ఈ ఉత్తరం.

పైల్స్ ఉన్నవాడికి పాలిప్ రాకూడదని పేగుల్లో చట్టమేమైనా ఉందా? నువ్వు అబద్ధమాడి ఉంటే ఎప్పుడో పట్టుకునేవాణ్ని. నిజమే చెప్పావు, సగం. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి చాలాసార్లు పదేళ్ల వరకూ పడుతుందట. పదేళ్లు! ఇంత తీరిగ్గా వచ్చే దొంగ ఇంకెక్కడా ఉండడు. వాడు గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకుంటుంటే ‘మనవాడేలే’ అని తలుపు తీసేది నువ్వు.

పైగా నాకు 44 ఏళ్లేనని, స్క్రీనింగ్ (ముందుజాగ్రత్త పరీక్ష) వయసే రాలేదని వాదించావు. అమెరికాలో 2021లో ఆ వయసు 50 నుంచి 45కి దించారు, సరే. కానీ అది ఏ లక్షణమూ లేనివాళ్లకురా నాయనా! రక్తం పడుతున్నవాడు పుట్టినరోజు కోసం ఎదురుచూడాలా? హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్ ఇదే పెద్దపేగు క్యాన్సర్‌తో 2020లో పోయేనాటికి 43 ఏళ్లు. ఆ వార్త చదివిన రోజు ‘అయ్యో పాపం’ అన్నాం, నువ్వూ నేనూ కలిసి.

చీటీలో చివరన పైల్స్‌కి ఆయింట్‌మెంట్ రాశారు. నేను ఎనిమిది నెలలుగా వాడుతున్నదే. మెలికలు తిరిగిన పాత ట్యూబు బాత్రూం అరలో అలాగే ఉంది. పారేద్దామనుకున్నాను, ఇంకా రెండు సార్లకు వస్తుంది.

బయాప్సీ రిపోర్టు సోమవారం. నిన్న రాత్రి పడుకోబోతుంటే ‘ఏమీ ఉండదులే’ అని ఎవరో అన్నారు. గొంతు నీదే.

ఇట్లు,
నీ పాత పేషెంటు