ఫ్యూజు కుర్చీలో కూర్చున్న రాగి పోగు గారికి

మహారాజశ్రీ రాగి పోగు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ తమరు బ్యాటరీ పక్కన కొలువై ఉన్నంతకాలం ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

తమరి నియామకానికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. మామిడి తోటలో మా బాబాయి వేసుకున్న షెడ్డుకి కరెంటు లైను లేదు. స్తంభాలు వేయించడానికి ఎంతవుతుందో విని ఆయన సోలార్ పెట్టించుకున్నారు. వంద వాట్ల ప్యానెళ్లు రెండు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపు చేసే 20 ఆంపియర్ల చార్జ్ కంట్రోలర్, మూడు బల్బులు, నేరుగా బ్యాటరీ కరెంటుతో తిరిగే ఒక డీసీ ఫ్యాను. ఓ రాత్రి ఎలుక ఫ్యాను వైరు కొరికింది. ప్లస్సూ మైనస్సూ కలిశాయి. పది ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు టప్పున పోయింది. నేరం ఎలుకది, పట్టించింది ఫ్యూజు, ఉద్యోగం ఊడింది కూడా ఫ్యూజుకే. "ఇది మాటిమాటికీ పోతోంది బాబాయ్, గట్టిది వేస్తా" అన్నాడు మా తమ్ముడు. కొరికిన చోట టేపు చుట్టి, మిగిలిపోయిన వైరు ముక్క చివర ఒలిచి, నాలుగు పోగులు మెలిపెట్టి బిగించాడు. ఆ నలుగురూ తమరే.

అప్పట్నుంచి తోటలో తమరి పేరు మారుమోగుతోంది. "వేసిన కాడినుంచి ఒక్కసారి కూడా పోలేదు" అని బాబాయి వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. పోవడం కోసమే పెట్టిన ఉద్యోగంలో, పోకుండా ఉన్నందుకు మెప్పు పొందినవాళ్లు లోకంలో తమరొక్కరే. రాజకీయాల్లో ఇంకొందరు ఉంటే ఉండొచ్చు.

తమరి వంశాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. టెలిగ్రాఫ్ ఆఫీసులు పిడుగులకి కాలిపోకుండా సన్నటి తీగ ముక్క పెట్టమని 1847లోనే ఫ్రెంచి టెలిగ్రాఫ్ పరికరాల తయారీదారు బ్రెగే చెప్పాడు. 1890లో ఎడిసన్ ఫ్యూజుకి పేటెంటు తీసుకున్నాడు. మన ఇళ్లలో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజుల్లో చాలాకాలం పనిచేసింది కూడా తీగలే. అయితే అవి కొలతకి తీసి, తగరం పూత పూసిన తీగలు. చుట్ట మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉండేది. తమరి మీద ఏం రాసుంది? ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర దొరికిన అల్యూమినియం తీగ చుట్టేస్తారే, తమరు ఆ శాఖవారు.

లెక్కలంటే తమరికి చిరాకని తెలుసు. అయినా చిత్తగించండి. మూడు బల్బులకి 27 వాట్లు, ఫ్యానుకి 28, సెల్‌ఫోన్ల చార్జింగుకి ఓ పది, మొత్తం 65. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే అయిదున్నర ఆంపియర్లు. అన్నీ గంటల తరబడి నడుస్తాయి కాబట్టి పాతిక శాతం కలిపితే ఏడు. ఫ్యూజు అంతకన్నా తక్కువైతే ఊరికే పోతుంది. ఇక షెడ్డులో లాగిన వైరు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది. అది హాయిగా మోసేది పదిహేను ఆంపియర్ల దాకానే. ఫ్యూజు అంతకన్నా ఎక్కువైతే వైరు కాలుతుంది. ఏడుకీ పదిహేనుకీ మధ్య పది. ఎర్ర ఫ్యూజు అక్కడికి వచ్చింది ఈ దారిలోనే. అది కాపలా కాసేది ఫ్యానుకి కాదు, వైరుకి. ఈ ఒక్క ముక్క తెలియకే మావాళ్లు "ఫ్యాను బాగానే ఉందిగా" అని తమరిని సమర్థిస్తున్నారు.

మరి తమరి లెక్కేమిటి? ఒక్కో పోగు మందం పావు మిల్లీమీటరు. అంత రాగి సుమారు పది ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. నలుగురు కలిస్తే నలభై. మెలిక ఎంత బిగుతో, స్క్రూ ఎంత పట్టిందో, గాలి ఎంత తగులుతోందో బట్టి అది ముప్పై కావచ్చు, నలభై అయిదూ కావచ్చు. ఎంతకి తెగుతారో తమరికే తెలియదు, మాకేం చెబుతారు?

ఇప్పుడు ఆ ఎలుక మళ్లీ వచ్చిందనుకుందాం. (వస్తుంది. మామిడి తోటలో ఎలుకకి సెలవులుండవు.) బ్యాటరీ టెర్మినళ్లని నేరుగా కలిపితే వెయ్యి ఆంపియర్లు దాటి దూకుతుంది, అప్పుడు తమరూ తెగుతారు, ఒప్పుకుంటాను. కానీ ఎలుక కొరికేది బ్యాటరీ దగ్గర కాదు, పది మీటర్ల అవతల అటక మీద. పోనూ రానూ ఇరవై మీటర్ల సన్న వైరు నిరోధం పావు ఓమ్‌కి దగ్గర. దాంతో షార్టు కరెంటు యాభై ఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. ఎర్ర ఫ్యూజుకి యాభై అంటే కళ్లు మూసి తెరిచేలోగా ప్రాణం తీసే సంగతి. తమరికి యాభై అంటే ఆలోచించుకోవాల్సిన విషయం. తమరు తీరిగ్గా ఆలోచిస్తుంటే ఆ వైరంతటా దాదాపు 650 వాట్ల వేడి పుడుతుంది. ఇంచుమించు ఇస్త్రీ పెట్టె వేడి. పైన తాటాకు కప్పు.

"పన్నెండు వోల్టులేగా, ముట్టుకున్నా షాక్ కొట్టదు" అనే మాట తమరి అభిమాన సంఘం వాళ్లది. నిజమే, కొట్టదు. నిప్పుకి వోల్టులతో పనిలేదు, ఆంపియర్లు చాలు.

తమరు పోయేటప్పుడైనా బుద్ధిగా పోతారా? ఎర్ర ఫ్యూజు ప్లాస్టిక్ ఒంట్లోనే కరిగి ఆగుతుంది. తమరు బట్టబయలుగా కరిగి నిప్పుకణాలు విసురుతారు. పక్కన చార్జి అవుతున్న ట్యూబులర్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతూ ఉంటుంది. గాలిలో అది నాలుగు శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. ఎండ తగలకూడదని బాబాయి ఆ బ్యాటరీని చెక్కపెట్టెలో పెట్టి మూత కూడా వేశారు. తమరి నివాసం ఆ మూత కిందే.

తమరి బంధువర్గం గురించి కూడా రెండు మాటలు. ఇంటి ఏసీ కరెంటుకి వాడే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఒకటి మిగిలితే "స్విచ్చేగా" అని ప్యానెళ్ల లైనులో పెట్టారు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది, స్విచ్చు విడిపడేచోట లేచే నిప్పు ఆ సందులో ఆరిపోతుంది. ప్యానెళ్ల నుంచి, బ్యాటరీ నుంచి వచ్చే డీసీకి ఆ సందు లేదు. లేచిన నిప్పు అలా వెలుగుతూనే ఉంటుంది. అందుకని ఆయన్నీ పంపించేస్తున్నాం, డీసీ అని రాసి ఉన్నది వస్తోంది. ప్యానెళ్లు రెండే కాబట్టి ఒక్కోదానికి విడిగా ఫ్యూజు అక్కర్లేదు. మూడోది పెడితే, చెడిపోయిన ఒకదానిలోకి మిగతా రెండూ కలిసి కరెంటు తోస్తాయి. అప్పుడు ప్యానెల్ వెనక చీటీ మీద రాసిన రేటింగు చూసి ఒక్కోదానికీ వేయాలి.

మా పిన్ని మిక్సీకి ఇన్వర్టర్ అడుగుతోంది. ఆ వార్త విని తమరు ఉత్సాహపడ్డారని తెలిసింది. వెయ్యి వాట్లంటే 12 వోల్టుల దగ్గర 83 ఆంపియర్లు, నష్టాలు కలిపితే 95 దాకా. దానికి 125 ఆంపియర్ల ఫ్యూజు, 35 చదరపు మిల్లీమీటర్ల కేబులూ కావాలి. ఆ లోడు పూర్తిగా పడితే బ్యాటరీ గంట తిరక్కుండా సగం అయిపోతుంది. పచ్చడి రోట్లోనే నూరుకోమని పిన్నికి చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి ఆ చర్చ వాయిదా పడింది.

కాబట్టి తమరు ఈ ఆదివారంలోగా కుర్చీ ఖాళీ చేయాలి. బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలో, పెట్టె బయట, ఆరు చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 30 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజు వస్తుంది. జానెడే ఎందుకంటే, ఫ్యూజుకి ముందున్న వైరుకి దిక్కెవరూ ఉండరు. బల్బుల లైనుకి, ఫ్యాను లైనుకి విడివిడిగా చిన్న ఫ్యూజులు. ఎలుక కొరికిన వైరు మొత్తం మార్చి పైపులో లాగుతున్నాం. వీడ్కోలు సభకి శాలువా తేవడం లేదు. తమరి దగ్గర ఏ గుడ్డా ఉంచకూడదని తీర్మానం.

ఇట్లు,
తమరిని విప్పడానికి స్క్రూడ్రైవరుతో వస్తున్నవాడు

తా.క.: కొత్త ఫ్యూజుల పక్కనే, పెట్టె మూతకి పైన, అవే రేటింగులవి ఒక్కోటి రెండేసి కవర్లో వేసి అంటించాం. అర్ధరాత్రి చీకట్లో అవి చేతికి దొరక్కే తమరికి ప్రతిసారీ పిలుపు వస్తోంది.