నెల రోజులు ఆగలేమా?

"చేప హుషారుగా ఉంది, బాగా తింటోంది, ఇక క్వారంటైన్ ఎందుకు?" సముద్రపు చేపలను పెంచేవాళ్ల నోట ఈ మాట విన్న ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమంటుంది. కొత్త చేపను నెల రోజులు వేరే తొట్టిలో ఉంచే ఈ క్వారంటైన్ గురించి ఒకప్పుడు నేనూ అదే అన్నాను.

కొత్తగా తెచ్చిన బ్లూ టాంగ్ చేపను నేరుగా పెద్ద ట్యాంకులో వదిలాను. ఒంటి మీద మచ్చ లేదు. ఐదో రోజు ఉదయం లైటు వేసేసరికి రెక్కల నిండా ఉప్పు రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు. రెండు రోజుల్లో అవి మాయమయ్యాయి. తగ్గిపోయిందని సంతోషించాను. నిజానికి అప్పుడే మొదలైంది. ఆ చుక్కలు క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవివి. కడుపు నిండాక అది చేపను వదిలి, ఇసుకలోనో రాళ్ల మీదో గుల్ల కట్టుకుంటుంది. గుల్ల పగిలితే వందల కొద్దీ పిల్లలు చేపల కోసం బయలుదేరతాయి. ఆ రెండో దాడిలో ఆరేళ్లుగా నా దగ్గరున్న క్లౌన్ చేపల జంట పోయింది. చివరి రోజంతా ఆడచేప పంపు నీళ్లు పడే చోటే నిలబడి, మొప్పలు టపటపలాడిస్తూ ఊపిరి కోసం పెనుగులాడింది. దానికి ఆ రోగం అంటించింది నా తొందర.

మందు వేద్దామంటే రాగి మందు పగడాలనూ రొయ్యలనూ నత్తలనూ చంపేస్తుంది. మిగిలిన చేపలన్నిటినీ పట్టి వేరే తొట్టిలో వైద్యం చేయాలి. కొన్ని గుల్లలు రెండు నెలలు దాటినా పగలవు కాబట్టి పెద్ద ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచాలి. ఉంచాను. వెల్వెట్ అనే మరో పరాన్నజీవి రోగమైతే ఆ అవకాశమూ ఉండదు. పుప్పొడి రాలినట్టున్న ఆ సన్నటి పొర మన కంటబడేలోపే, రెండు మూడు రోజుల్లో ట్యాంకు మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు.

క్వారంటైన్‌లోనే చేపలు ఎక్కువ చస్తాయని వాదించేవాళ్లున్నారు. చస్తాయి, కాదనను. కానీ చాలాసార్లు చంపేది చేపల వ్యర్థాల నుంచి నీటిలో చేరే అమోనియా. చేపను కొన్నాక తొట్టి వెతుక్కుంటే అంతే మరి. ఫిల్టర్ స్పాంజిని కొన్ని వారాల ముందే పెద్ద ట్యాంకులో పడేసి, అమోనియాను విరిచే బ్యాక్టీరియా పట్టనివ్వాలి. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు వేయాలి. రాగి మోతాదును కంటి అంచనాతో కాదు, టెస్ట్ కిట్‌తో రోజూ చూడాలి. ఆ మందు నీటిలో ఉండగా అమోనియాను విరిచే ద్రావణాలు పోయకూడదు, రాగి చేపలకే విషమవుతుంది.

అన్ని చేపలకూ ఒకే పద్ధతి అని నేననను. బతికున్న కోపిపాడ్‌లు (నీటిలోని అతి చిన్న జీవులు) తప్ప ముట్టని మాండరిన్ చేపను ఖాళీ తొట్టిలో పెడితే ఆకలికే చస్తుంది, దాని తిండి సంగతి ముందు చూడాలి. మందు వేయాలా, గమనిస్తూ ఉంచాలా అన్నది చేపను బట్టి. వేరుగా ఉంచాలా వద్దా అన్నది మాత్రం నా దృష్టిలో ప్రశ్నే కాదు. రెండో తొట్టికి చోటు లేకపోతే కొత్త చేపను కొనకండి.

ఇప్పుడు నా చిన్న తొట్టిలో రాయల్ గ్రామా అనే చేప ఒకటి ఉంది. ఈ రోజుకు పంతొమ్మిదో రోజు. నిన్నటిదాకా గొట్టంలోంచి తల మాత్రమే బయటపెట్టేది. ఈ ఉదయం నీటి మధ్యదాకా వచ్చి మేత అందుకుంది. ఇంకా పదకొండు రోజులున్నాయి.